దిగినవారు, పంపివేయబడినవారు: లా విలా తీరంలో ఒక పండుగ

స్పెయిన్ తూర్పు తీరంలో, అలికాంటే నగరానికి ఉత్తరాన, లా విలా జోయోసా అనే చిన్న రేవు పట్టణం ఉంది. అక్కడివాళ్లు దాన్ని క్లుప్తంగా లా విలా అంటారు. ఏటా జులై నెలాఖరున అక్కడ మూర్లు–క్రైస్తవుల పండుగ జరుగుతుంది; మూర్లంటే ఉత్తర ఆఫ్రికా, పాత స్పెయిన్ ముస్లింలు. ఆ పండుగ గురించి ఈ మధ్య ఒక మిత్రుడికీ నాకూ మధ్య చాలాసేపు వాదన నడిచింది. ఆయన ఆ పండుగ వీడియో ఒకటి చూశారు. తెల్లవారుజామున చీకట్లో పడవలు ఒడ్డుకు రావడం, తలపాగాలు చుట్టుకున్న మనుషులు మోకాటి లోతు నీళ్లలోకి దూకి పరుగెత్తడం, పాతకాలపు తుపాకుల పొగలో తీరం కనబడకుండా పోవడం, ఇసుకలో కట్టిన కోట ముందు ఇరుపక్షాలూ తలపడటం చూసి, "ఇది ముస్లింల మీది పగను ఏడాదికోసారి నెమరువేసుకోవడం కాక మరేమిటి? ఈ రోజుల్లో కూడా దీన్ని ఎందుకు సాగనిస్తున్నారు?" అని అడిగారు.

ఒక వేసవిలో ఆ పట్టణంలో కొన్నాళ్లు ఉండి, ఆ పండుగను ఒడ్డున నిలబడి చూసినదాన్ని కనుక నాకు వెంటనే జవాబు తట్టాల్సింది. కానీ అప్పటికి నేను చెప్పినదల్లా "అంత తేలిక కాదండీ" అన్న ఒక్క మాటే. ఎందుకు తేలిక కాదో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఆ పండుగను ఆపాలని నేను అనుకోను, అందులో ఉన్నదాన్ని తగ్గించాలనీ అనుకోను. కానీ అది 1538లో ఊరి మీద జరిగిన ఓడదొంగల దాడి కథ చెప్పి, 1609లో ఊరి పక్కవాళ్లను దేశం నుంచి వెళ్లగొట్టిన కథ చెప్పకుండా ముగుస్తుంది. ఆ లోటును పూడ్చవలసిన బాధ్యత ఆ పట్టణానికి ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

భయం కల్పితం కాదు

మొదట ఆ పట్టణం పక్షాన మాట్లాడాలి. లా విలాను 1300లో బెర్నాట్ దె సర్రియా అనే ప్రభువు క్రైస్తవుల స్థావరంగా నెలకొల్పాడు. చుట్టూ కొండల్లో ఉన్న పల్లెలు చాలావరకు ముస్లింలవి. ఎదురుగా సముద్రం, ఆ సముద్రానికి అవతల అల్జీర్స్. 16వ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా రేవుల నుంచి ఓడదొంగలు వచ్చి ఈ తీరపు ఊళ్ల మీద పడి, చేతికి దొరికిన మనుషులను ఎత్తుకుపోయి బానిసలుగా అమ్మేవారు, లేదా విడుదల సొమ్ము కోసం ఏళ్ల తరబడి చెరలో ఉంచేవారు. 1538 జులైలో అలాంటి నౌకలు కొన్ని లా విలా మీదికి వచ్చాయి. ఊరివాళ్లు ఎదురు నిలిచి పోరాడుతుండగా, జులై 29న సెయింట్ మార్తా పండుగనాడు అమడోరియో నదికి ఒక్కసారిగా వరద వచ్చి శత్రువుల పడవలను చెల్లాచెదురు చేసిందని అక్కడి నమ్మకం. అప్పటినుంచి ఆమె ఆ ఊరికి రక్షక దేవత. పండుగ జులై 24 నుంచి 31 దాకా జరుగుతుంది. 28న తెల్లవారుజామున పడవల దాడి, మర్నాడు ఆమె ఊరేగింపు.

ఆ ఊరి పాత వీధుల్లో నడిచినప్పుడు ఆ భయం రాతిలో కనిపిస్తుంది. చర్చి కోటగోడలో భాగంగా ఉంటుంది. దేవుడికి కట్టినదేనా, కాపలాకు కట్టినదేనా అని సందేహం కలిగేంత మందంగా ఉంటాయి దాని గోడలు. ఊరికి కొంచెం దూరంలో సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ అంచున అగిలో బురుజు ఉంది. స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ కాలంలో ఈ తీరమంతటా ఇలాంటి బురుజులు కట్టి, పగలు పొగతోనూ రాత్రి మంటతోనూ ఒకదాని నుంచి ఒకదానికి హెచ్చరిక అందేటట్టు ఏర్పాటు చేశారు. స్పెయిన్ సాహిత్యానికే పెద్ద దిక్కయిన సెర్వాంటెస్ 1575లో ఓడదొంగలకు చిక్కి, అల్జీర్స్‌లో ఐదేళ్లు బందీగా గడిపి, 1580లో విడుదలై స్వదేశంలో అడుగుపెట్టింది ఈ పట్టణానికి ఉత్తరాన ఉన్న డేనియా రేవులోనే. అంతటి మనిషికే తప్పని కష్టం ఒక జాలరికి ఎలా తప్పుతుంది? పెళ్లాం పిల్లలతో ఒడ్డునే బతికిన వాళ్ల వారసులు ఆ రాత్రుల్ని పండుగగా గుర్తు చేసుకుంటే, దాన్ని ద్వేషం అనే ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు.

దీనికి ఇంకో వైపు ఉందన్నది కూడా నిజం. స్పెయిన్ నౌకలూ అవతలి తీరం మీద దాడులు చేశాయి, ముస్లింలను బానిసలుగా తెచ్చాయి, తెడ్డు ఓడల్లో గొలుసులతో కట్టి పని చేయించాయి. ఆ సముద్రంలో ఏ ఒక్క ఒడ్డూ నిర్దోషి కాదు. కానీ పండుగలో ఓడలు ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వస్తాయి.

డేనియా రేవులో ఇంకొక ప్రయాణం

అసలు నా అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది. సెర్వాంటెస్ దిగిన ఆ డేనియా రేవు నుంచే, ఆయన దిగిన ముప్పై ఏళ్లలోపే, 1609 అక్టోబరులో, లా విలా కూడా ఉన్న వలెన్సియా రాజ్యపు మోరిస్కోలను ఓడలెక్కించి ఉత్తర ఆఫ్రికాకు పంపడం మొదలుపెట్టారు. మూడవ ఫిలిప్ ఆజ్ఞను ఆ ఏడాది సెప్టెంబరు 22న వలెన్సియాలో చాటారు. చేత మోయగలిగినంత తీసుకుని, చెప్పిన రేవుకు నడిచి వెళ్లి ఓడ ఎక్కాలి. కొద్ది నెలల్లో ఆ రాజ్యం తన జనాభాలో ఇంచుమించు మూడో వంతును పోగొట్టుకుంది. స్పెయిన్ మొత్తం మీద 1614 లోపల దాదాపు 3 లక్షల మందిని వెళ్లగొట్టారు. కొందరు కొండల్లోకి పారిపోయి తిరగబడ్డారు. డేనియా వెనుక ఉన్న లగ్వార్ లోయలో ఆ తిరుగుబాటును సైన్యం అణచివేసింది.

ఈ మోరిస్కోలు ఎవరు? కొన్ని తరాల కిందటి దాకా ముస్లింలు. వలెన్సియాలో 1520ల మొదట్లో అల్లరి మూకలు వాళ్లకు బలవంతంగా బాప్తిస్మం ఇప్పించాయి, 1525లో ఐదవ చార్లెస్ చక్రవర్తి మిగిలినవారి మతాన్ని కూడా ఆజ్ఞతో మార్పించాడు. అంటే 1609లో ఓడలెక్కించబడిన వాళ్లు చట్టం దృష్టిలో క్రైస్తవులు. పండుగ పేరులో ఉన్న రెండు పక్షాల్లో వాళ్లకు ఎక్కడా చోటు లేదు: వాళ్లు పడవల్లో దాడికి వచ్చినవాళ్లు కారు, కోటను కాపాడుకున్నవాళ్లూ కారు. లా విలా వెనుక కొండల్లో ఉన్న రెల్యేవు, సెల్యా వంటి పల్లెల్లో బాదం చెట్లు పెంచుకుంటూ, మెట్ల పొలాలకు నీళ్లు పారించుకుంటూ బతికినవాళ్లు.

ఇక్కడ నా మిత్రుడికి చెప్పని ఒక సంగతి చెప్పాలి. మోరిస్కోల మీది అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. 1584లో అల్జీర్స్ నౌకలు వచ్చినప్పుడు దగ్గరలోని కల్యోసా ఊరి మోరిస్కోలు చాలామంది వాటిలో ఎక్కి తామే వెళ్లిపోయారు. తీరంలోని క్రైస్తవులకు ఇది ద్రోహంగా కనిపించి ఉంటుంది. బలవంతంగా మతం మార్చబడి, భాషా వేషమూ విడిచిపెట్టమన్న ఆంక్షల కింద ఉన్నవాళ్లకు అది విముక్తిగా కనిపించి ఉంటుంది. ఆ రెండూ నిజాలే. అయినా కొందరి చర్యకు మూడు లక్షల మందిని, పాలుతాగే పిల్లల తల్లులతో సహా, శిక్షించడాన్ని భయం అన్న కారణంతో సమర్థించలేం. 1538 దాడికి ఊరివాళ్లు బాధితులు. 1609లో ఆ ఊరి పక్కవాళ్లే బాధితులయ్యారు. ఒకదానికి బాణసంచాతో, బ్యాండ్లతో ఎనిమిది రోజుల పండుగ ఉంది. రెండోదానికి ఆ ఎనిమిది రోజుల్లో నాకు ఒక్క ఘట్టం కూడా కనబడలేదు.

వంటింట్లో మిగిలినది

పండుగ చెప్పనిది భోజనం చెబుతుందని నేను అక్కడున్నప్పుడు చాలా ఉత్సాహంగా నమ్మాను. అది ఎంతవరకు నిజమో ఇప్పుడు కాస్త నిదానంగా ఆలోచిస్తున్నాను.

నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన పెద్దావిడ. ఆదివారాలు ఆవిడ చేసే అన్నం కోసం కొడుకులూ మనవలూ వచ్చేవారు. ముందు చిన్న చేపలనూ బంగాళాదుంపలనూ ఎండు ఎర్రమిరప గుజ్జుతో ఉడికించి, ఆ చేపలను పక్కకు తీసి, మిగిలిన రసంలో బియ్యం వేసి వెడల్పాటి పల్చటి మూకుడులో అడుగంటీ అంటకుండా వండేవారు. వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి నూరిన తెల్లటి ముద్ద పక్కన వడ్డించేవారు. ఆ ఎండుమిర్చి పేరు న్యోరా. గుండ్రంగా ఉంటుంది, కారం ఉండదు, రంగూ వాసనా మాత్రం దండిగా ఇస్తుంది. అమెరికా ఖండం నుంచి స్పెయిన్ ఓడల్లో వచ్చిన మొక్క అది. దాని చుట్టాలే పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి చేరి గుంటూరు దాకా వచ్చాయి. బియ్యం మాత్రం అంతకు శతాబ్దాల ముందే, వలెన్సియా ముస్లింల ఏలుబడిలో ఉన్నప్పుడు, వాళ్లు తవ్విన కాలువల కింద పండటం మొదలైంది. క్రిస్మస్‌కు ఆ ఇంట్లో ఉండి తీరవలసిన షిషోనా తుర్రోన్ అనే మిఠాయిలో బాదం, తేనె తప్ప పెద్దగా మరేమీ ఉండదు. అది కూడా అరబ్బుల వంటల నుంచి వచ్చినదనే అక్కడ అందరూ అంటారు.

కానీ ఒక ఊరి తిండిని ఒకే వారసత్వానికి కట్టిపెట్టడం కుదరదు. లా విలాది అని గర్వంగా చెప్పుకునే పెబ్రెరేతా అనే వేపుడులో కాప్సికం, టమాటా, గుమ్మడికాయ ఉంటాయి. మూడూ అమెరికావే. వాటితో పాటు వేసే ఉప్పు చేప మాత్రం మూర్ల కంటే కూడా పాతది. ఆ తీరానికి ఎదురుగా సముద్రపు అడుగున బౌ ఫెర్రర్ అనే రోమన్ల కాలపు ఓడ ఉంది. దాన్ని కనుగొన్న ఇద్దరు ఈతగాళ్ల ఇంటిపేర్లే దానికి పెట్టారు. దాదాపు 30 మీటర్ల పొడవున్న ఆ సరుకు ఓడ క్రీ.శ. మొదటి శతాబ్దంలో దక్షిణ స్పెయిన్ నుంచి సుమారు 2,500 పెద్ద జాడీల్లో చేపల ఊరుబడి రసాన్ని రోముకు తీసుకుపోతూ మునిగిపోయింది. ఇక ఊరంతా ఘుమఘుమలాడే చాక్లెట్ వాసన 19వ శతాబ్దపు సంగతి. 1881లో మొదలైన వాలోర్ కర్మాగారం ఇప్పటికీ అక్కడే నడుస్తోంది. చిన్న గిన్నెలో పోసిచ్చే చిక్కటి చాక్లెట్‌లో చుర్రోలు (నూనెలో వేయించిన పిండి కడ్డీలు) ముంచుకు తింటూ సాయంత్రం గడపడం ఆ ఊళ్లో ఒక మంచి అలవాటు.

వీటన్నింటికన్నా నన్ను ఎక్కువ కదిలించినది కొండల్లోని తార్బెనా అనే పల్లె. అక్కడ సోబ్రసాదా అనే ఎర్రటి మెత్తటి పంది మాంసపు సాసేజ్ చేస్తారు. ఈ వంట మయోర్కా ద్వీపానిది. 1609 తర్వాత తార్బెనా ఖాళీ అయితే, ఆ ఖాళీ ఇళ్లను నింపడానికి మయోర్కా నుంచి కుటుంబాలను తీసుకొచ్చి స్థిరపరిచారు. వాళ్ల మాటతీరూ వాళ్ల సాసేజూ నాలుగు వందల ఏళ్లుగా ఆ పల్లెలో నిలిచి ఉన్నాయి. అంగట్లో వేలాడుతున్న వాటిని చూసి, పంది మాంసం ముట్టని వాళ్ల ఇళ్లలోకే ఈ వంట వచ్చి చేరిందన్న ఆలోచనతో కొంతసేపు ఏమీ కొనలేకపోయాను. తర్వాత కొన్నాను. చాలా రుచిగా ఉంది. దాన్ని చేస్తున్న ఈనాటి వాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు.

ఇక సందేహం. తిండి కలిసిందంటే మనసులు కలిసినట్టేనా? మోరిస్కోలను పంపేసిన వాళ్లు ఆ మర్నాడు కూడా అదే బియ్యం, అదే బాదం తిన్నారు. మన పల్లెల్లో పీర్ల పండుగనాడు పీరును ఎత్తుకునేవాళ్లలో హిందువులు ఎంతమంది ఉన్నా, అది ఊళ్ల మధ్య గొడవలను అన్నిసార్లూ ఆపలేకపోయింది. అందువల్ల "చూడండి, వాళ్ల వంటలో అరబ్బుల రుచి ఉంది, కనుక అంతా మంచిదే" అనే వాదన నా వరకు చాలదు. వంటల్లో మిగిలిన ఆనవాలును చెప్పే నోరు కావాలి. చెప్పకపోతే మూడో తరానికి అది మామూలు ఆదివారపు అన్నం, అంతే.

వేషం వేసుకున్నవాడు

నా మిత్రుడు వీడియోలో చూడలేకపోయినది ఒకటుంది: ఆ మూర్ల వేషాలు వేసుకున్నవాళ్లు కూడా ఆ ఊరివాళ్లే. ఊరు దళాలుగా విడిపోయి ఉంటుంది. కొన్ని మూర్ల దళాలు, కొన్ని క్రైస్తవ దళాలు. ఒక్కో కుటుంబం తరతరాలుగా ఒకే దళంలో ఉంటుంది. మా ఇంటి పెద్దావిడ భర్త మూర్, ఆయన తండ్రి మూర్, కొడుకులిద్దరూ మూర్లు. ఆవిడే ఆ వేషాలకు చిన్న చిన్న మరమ్మతులు చేసేవారు. "ఓడిపోయే పక్షంలో ఎందుకు ఉంటారు?" అని అడిగితే ఆవిడ ఆశ్చర్యపోయి, "ఊరేగింపులో అందంగా ఉండేది మేమే కదా" అన్నారు. నిజమే. రాత్రి ఊరేగింపులో నెమ్మదిగా, భుజాలు కలిపి ఊగుతూ సాగే మూర్ల వరుసలు వచ్చినప్పుడే జనం ఎక్కువ చప్పట్లు కొట్టారు. ఉదయం కోటను గెలుచుకునేది కూడా మూర్లే; తర్వాత క్రైస్తవులు దాన్ని తిరిగి తీసుకుంటారు. పగ మాత్రమే ఉన్న చోట శత్రువు వేషానికి అంత డబ్బు, అంత ప్రేమ ఎవరూ పెట్టరు.

ఆ ప్రేమ ఎవరి మీద అన్నది మాత్రం అడగాలి. మా వీధి చివర కూరగాయల దుకాణం నడిపే మొరాకో ఆయన పండుగ రాత్రుల్లో దుకాణం ముందే కట్టేసి, కొడుకును భుజాల మీద ఎక్కించుకుని ఊరేగింపు చూశారు. మర్నాడు నేను మాట కలిపితే, ఎవరినీ నొప్పించకూడదన్న జాగ్రత్తతో, "బాగుంది. కానీ ఇలాంటి బట్టలు మా దేశంలో ఎవరూ వేసుకోరు" అన్నారు. ఈకలు, పులిచర్మాలు, బంగారు కవచాలు: అవి ఏ కాలపు, ఏ దేశపు ముస్లింల వేషాలూ కావు, ఊహలోంచి కుట్టినవి. ఆయన కొడుకుకు అవే కావాలట. ఆ పిల్లవాడు ఏదైనా దళంలో చేరవచ్చా అని నేను ఆయనను అడగలేదు. అడిగి ఉండవలసిందని ఇప్పటికీ అనిపిస్తుంది, ఎందుకంటే ఈ పండుగ ఇకముందు ఎటు పోతుందో ఆ జవాబులో కొంత తెలిసేది.

తీసివేయడమా, కలపడమా

ఇలాంటి పండుగలున్న ఊళ్లు తమలో తాము ఈ ప్రశ్నను ఎదుర్కోలేదని అనుకోకూడదు. అదే ప్రాంతంలో బొకైరెంట్ అనే ఊళ్లో పండుగ చివర ఒక దిష్టిబొమ్మ తలలో మందుగుండు పేల్చే ఆచారం ఉండేది. దాన్ని ముహమ్మద్ ప్రవక్త పేరుతోనే పిలిచేవారు. ప్రవక్త మీద డెన్మార్క్ పత్రికలో వచ్చిన కార్టూన్ల గొడవ జరిగిన 2006లో ఆ ఊరు ఆ పేల్చివేతను మానుకుంది. కొందరు దాన్ని వివేకం అన్నారు, కొందరు బెదిరింపుకు లొంగిపోవడం అన్నారు. నా దృష్టిలో అది సరైన పనే. ఒక మతం వాళ్లు ఆరాధించే వ్యక్తిని కించపరచడానికీ ఒక యుద్ధాన్ని గుర్తుచేసుకోవడానికీ పోలిక లేదు. అయితే తీసివేయడంతోనే పని పూర్తయిందనుకోవడం నాకు నచ్చదు. గుచ్చుకునే ఘట్టాలన్నీ ఒక్కొక్కటిగా తొలగిస్తూ పోతే చివరకు మిగిలేది ఏ చరిత్రా లేని వేషాల ఊరేగింపు. అంతర్జాతీయ పర్యాటక ప్రాముఖ్యం ఉన్న పండుగగా 2003లో లా విలాకు గుర్తింపు వచ్చింది కనుక, వచ్చేవాళ్లను ఇబ్బంది పెట్టని పండుగగా మార్చాలన్న ఒత్తిడి ఎలాగూ ఉంటుంది. పది కిలోమీటర్ల దూరంలో ఆకాశహర్మ్యాల బెనిదోర్మ్ ఉంది. అక్కడి నుంచి ఒక్క ఉదయం కోసం బస్సుల్లో వచ్చేవాళ్లకు ఏ చరిత్రా అక్కర్లేదు.

అందుకే నేను తగ్గించమని కాక, కలపమని అడుగుతున్నాను. పండుగలో కోట ముందు రెండు పక్షాల రాయబారులు పద్యాల్లో వాదించుకునే ఘట్టం ఉంటుంది. ఈ ప్రాంతపు ఊళ్లలో వినిపించే అలాంటి పాఠాలు చాలావరకు 19వ శతాబ్దంలో స్థానికులు రాసుకున్నవే. వాటిని మనుషులు రాశారు; ఇప్పటి మనుషులు కూడా రాయవచ్చు. కోటను క్రైస్తవులు తిరిగి గెలుచుకున్న తర్వాత ఒక మూడో గొంతు, ఏ పక్షానిదీ కాని ఒక మోరిస్కో గొంతు, తన పల్లె పేరు చెప్పి రేవు వైపు నడిచివెళ్లే ఘట్టం ఒకటి ఉంటే, ఆ ఎనిమిది రోజుల సంబరంలో ఏమీ తగ్గదు.

ఈ మాట మా ఇంటి పెద్దావిడతో అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "పండుగ బడి కాదమ్మా. ఏడాదంతా వలల దగ్గరా కర్మాగారంలోనూ పనిచేసిన వాళ్లు ఆ వారం నవ్వుకోవాలి. ఏడుపు కథలు చెప్పుకోవడానికి మ్యూజియం ఉంది" అన్నారు. ఆ మాటలో బరువుంది, దాన్ని నేను తోసిపుచ్చలేను. నిజంగానే 2009లో ఆ వెళ్లగొట్టడానికి నాలుగు వందల ఏళ్లు నిండినప్పుడు ప్రదర్శనలూ సదస్సులూ జరిగాయి. కానీ వాటికి వెళ్లినవాళ్లు ముందే తెలిసినవాళ్లు. జులై 28 తెల్లవారుజామున ఇసుక మీద కూర్చుని ఎదురుచూసే పిల్లలు ఆ సదస్సులకు రారు. వాళ్లకు చరిత్ర అందేది ఆ పొగలోనే. మూర్లు ఎక్కడి నుంచి వచ్చారో ఆ పొగలో నేర్చుకున్న పిల్లలకు, మోరిస్కోలు ఎక్కడికి వెళ్లారో కూడా అక్కడే తెలియడం న్యాయం.

ఎక్కడికి వెళ్లారన్నదానికి జవాబు పుస్తకాల్లోనే కాదు, నేల మీద కూడా ఉంది. ట్యునీషియాలోని టెస్తూర్ అనే పట్టణాన్ని కట్టినది స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన వాళ్లే. వాళ్ల వారసులు ఈనాటికీ తమ మూలం అండలూసియా (ఒకప్పటి ముస్లింల స్పెయిన్) అని చెప్పుకుంటారు. 1492లో వెళ్లగొట్టిన యూదుల వారసులకు పౌరసత్వం ఇవ్వడానికి స్పెయిన్ 2015లో చట్టం చేసింది. మోరిస్కోల వారసులకు అలాంటి చట్టం లేదు. ఆ చట్టం తేవడం లా విలా చేతిలో లేదు, మాడ్రిడ్ చేతిలో ఉంది. పద్యం రాయించడం, టెస్తూర్ నుంచి ఒక బృందాన్ని పండుగకు పిలవడం మాత్రం లా విలా చేతిలో ఉన్న పనులే. నా మిత్రుడికి నేను పంపబోయే జవాబులో ఈ రెండే రాస్తాను. నిషేధించమనే బదులు వాటిని అడగమని ఆయనను కోరతాను.